యాభై ఒక్కరిలో ఒకరు

విద్యా విధానాన్ని గురించి రాజధానిలో చర్చలకు ఎన్నడూ కొరత లేదు. సంఘాలు సమావేశమవుతూనే వుంటాయి, నివేదికలు అచ్చవుతూనే వుంటాయి, పార్లమెంటులో ప్రశ్నలు, జవాబులు సాగుతూనే వుంటాయి. అయితే గ్రామసీమలో అయిదవ తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ విధానాల సారాంశమంతా సంవత్సరంలో ఒక్క శనివారానికి, అందులోనూ రెండు గంటలకు కుదించుకుపోతున్నది. ఉదయం 11.30 గంటలకు మొదలై మధ్యాహ్నం 1.30కి ముగిసే జవహర్ నవోదయ విద్యాలయ ప్రవేశ పరీక్ష గురించి నేను ప్రస్తావిస్తున్నాను.

ఈ పరీక్ష ఎంత పెద్దదో తెలియడానికి ఒక్క సంవత్సరపు లెక్క చాలు. 2021 ఆగస్టు 11న జరిగిన పరీక్షకు 24,17,009 మంది పిల్లలు పేర్లు నమోదు చేసుకున్నారు. ఎంపిక చేయవలసినవారు 47,320 మంది. అంటే సుమారు యాభై ఒక్కరిలో ఒకరికి చోటు. పట్టభద్రులైన యువకులు ఉద్యోగాల కోసం ఇంతకంటే తీవ్రమైన పోటీని ఎదుర్కొంటున్నారని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని వారు తమ ఇష్టప్రకారం పోటీకి దిగిన వయోజనులు. వీరు పదేళ్ల పసివాళ్లు. ఎంపికైన ఆ ఒక్కరిని గురించి మనం పత్రికలలో తరచుగా చదువుతున్నాము, సన్మాన సభలలో వింటున్నాము. తక్కిన యాభై మందిని కూడా లెక్కలో చేర్చి ఈ వ్యవహారాన్ని పరిశీలించడం ఈ వారపు లేఖ ఉద్దేశం.

సర్వేలు నుంచి ఝజ్జర్ దాకా

నవోదయ విద్యాలయాలతో తెలుగువారి సంబంధం కేవలం దరఖాస్తుదారుల సంబంధం కాదు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా వున్న కాలంలో, అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేలు గ్రామంలో తొలి గురుకుల పాఠశాల వెలసింది. తర్వాత గుంటూరు జిల్లా తాడికొండలోను, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోను అటువంటివే ఏర్పడినవి. పల్లెటూరి పేద కుటుంబంలో పుట్టిన తెలివైన బిడ్డను పరీక్ష ద్వారా గుర్తించి, తిండికీ బసకూ వెతుక్కోవలసిన అవసరం లేకుండా చేసి, మంచి ఉపాధ్యాయులకు అప్పగించాలన్నది వాటి వెనుకనున్న ఆలోచన. ఆ పాఠశాలల పూర్వ విద్యార్థులు ఈనాడు ఢిల్లీలోని ప్రభుత్వ కార్యాలయాలలోను, ప్రయోగశాలలలోను, పత్రికలలోను కనిపిస్తారు. ఆ ఆలోచన ఫలించలేదని ఎవరూ అనలేరు.

1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖను ఏర్పరచినప్పుడు దానికి తొలి మంత్రి అయినవారు కూడా నరసింహారావుగారే. 1985–86లో హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రలోని అమరావతిలోను ప్రయోగాత్మకంగా రెండు నవోదయ విద్యాలయాలు ప్రారంభమైనవి. 1986 జాతీయ విద్యా విధానం వాటిని జిల్లాకొకటి చొప్పున దేశమంతటా విస్తరింపజేయ సంకల్పించింది. మన ప్రాంతంలో లేపాక్షి, బనవాసి, పెద్దాపురం, చొప్పదండి, చలకుర్తి వంటి పేర్లు ఆ తర్వాతనే అయిదవ తరగతి పిల్లల తల్లిదండ్రుల నోట నానడం మొదలైంది. తమిళనాడు మాత్రం త్రిభాషా సూత్రాన్ని అంగీకరించని కారణంగా ఈ పాఠశాలలను తన గడప తొక్కనివ్వలేదు.

ఈ సంకల్పాన్ని అందరూ హర్షించలేదన్న సంగతి రాజకీయాలు గమనించే పాఠకులకు గుర్తుండే వుంటుంది. డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన 1964–66లో పనిచేసిన విద్యా కమిషన్, ధనిక–పేద భేదం లేకుండా ఇరుగుపొరుగు పిల్లలందరూ ఒకే బడిలో చదవాలన్న ఉమ్మడి పాఠశాల విధానాన్ని సూచించింది. జిల్లాలో వేలాది బడులు శిథిలావస్థలో వుండగా ఒక్కదానిని మాత్రం తీర్చిదిద్దడం కొఠారీ మాటకు విరుద్ధమని విమర్శకులు వాదించారు. 1990లో ఆచార్య రామమూర్తి అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘం నవోదయ పథకాన్ని గట్టిగానే ప్రశ్నించింది. అనంతరం మన రాష్ట్ర ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి అధ్యక్షతన మరొక సంఘం విధానాన్ని పునఃపరిశీలించింది. 1992లో సవరించిన విధానం నవోదయలను కొనసాగించింది. వివాదం అంతటితో సద్దుమణిగింది. కాని వివాదం సద్దుమణగడం వేరు, ప్రశ్నకు సమాధానం దొరకడం వేరు.

పరీక్ష స్వరూపం

విమర్శకులకు సమాధానంగా నవోదయ నిర్మాతలు చూపినది ప్రవేశ పరీక్షనే. అది చదువుల పరీక్ష కాదని, చదువుకు అవకాశం లేని బిడ్డలోని ప్రజ్ఞను పట్టుకునే పరీక్ష అని వారి విశ్వాసం. పరీక్ష నిర్మాణాన్ని చూస్తే ఆ విశ్వాసం బూటకం కాదని అర్థమవుతుంది.

మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, 120 నిమిషాలు. సగం మార్కులు మానసిక సామర్థ్యానికి. ఇందులో 40 ప్రశ్నలు వుంటాయి. వాటిలో అక్షరాలతో పని లేదు, అన్నీ బొమ్మలే. నాలుగు బొమ్మలలో పొసగని దానిని గుర్తించడం, వరుసలో తర్వాత రావలసిన దానిని ఎన్నుకోవడం, అద్దంలో ప్రతిబింబం ఎట్లా వుంటుందో ఊహించడం, కాగితాన్ని మడిచి రంధ్రం పొడిచి తిరిగి విప్పితే ఎన్ని రంధ్రాలు ఎక్కడెక్కడ కనిపిస్తాయో చెప్పడం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను పట్టుకోవడం. ఈ విధంగా పది రకాలు, రకానికి నాలుగు ప్రశ్నలు. తర్వాత అంకగణితం 20 ప్రశ్నలు, భాష 20 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 25 మార్కులు. భాషలో నాలుగు చిన్న గద్యభాగాలు ఇచ్చి, ఒక్కొక్కదానిపై అయిదేసి ప్రశ్నలు అడుగుతారు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. పిల్లలు తెలుగులోనే వ్రాయవచ్చు. దరఖాస్తుకు రుసుము లేదు.

సీట్ల పంపకంలోనూ ఇదే దృష్టి కనిపిస్తుంది. ఒక్కొక్క విద్యాలయంలో ఆరవ తరగతికి 80 మందిని మించకుండా తీసుకుంటారు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకు, కనీసం మూడవ వంతు బాలికలకు. షెడ్యూల్డు కులాలకు, తెగలకు జిల్లా జనాభా నిష్పత్తిని అనుసరించి రిజర్వేషన్లు వున్నవి. ఎంపికైన బిడ్డకు పన్నెండవ తరగతి వరకు భోజనం, వసతి, పుస్తకాలు, దుస్తులు ప్రభుత్వమే సమకూరుస్తుంది. 2025లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి పన్నెండవ తరగతి పరీక్షలో దేశవ్యాప్త ఉత్తీర్ణత 88.39 శాతం కాగా, నవోదయలలో అది 99.29 శాతం. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడి, పేదల పిల్లలు చదివే బడి, కార్పొరేటు కళాశాలలకు తీసిపోని ఫలితం చూపుతున్నది. తల్లిదండ్రుల ఆరాటానికి ఇంతకుమించిన సంజాయిషీ అక్కర లేదు.

వలలో పడిన వల

ప్రజ్ఞను పట్టుకోవడానికి పన్నిన ఈ వలను ఇప్పుడు మరొకరు తమ వలలో పట్టుకున్నారు. మన తెలుగు జిల్లాలలో మండల కేంద్రానికి వెళ్లి చూడండి. బస్టాండు గోడ మీద, విద్యుత్ స్తంభం మీద, “నవోదయ, సైనిక్, గురుకుల ప్రవేశాలకు శిక్షణ, హాస్టలు వసతి కలదు” అన్న ప్రకటన కనిపిస్తుంది. ఉత్తరాదిలో హిందీలో వ్రాసిన ఇదే ప్రకటన బీహారులోను, ఉత్తరప్రదేశ్‌లోను, హర్యానాలోను నేను చూశాను. మూడవ తరగతి నుంచే పిల్లలను చేర్చుకునేవారు వున్నారు. పరీక్షకు ముందు కొన్ని నెలలు బడి మాన్పించి శిక్షణ కేంద్రంలో వుంచే తల్లిదండ్రులూ వున్నారు.

ఒక శీతకాలపు శనివారం హర్యానాలోని ఒక పరీక్షా కేంద్రం వెలుపల కొన్ని గంటలు నిలబడ్డాను. లోపల పిల్లలు, గేటు బయట ఎండ కాగుతూ తండ్రులు, ముసుగుల చాటున తల్లులు. నాతో మాట్లాడినవారిలో ఒకాయన కౌలు రైతు. కొడుకును ఏడాది పాటు పట్టణంలోని శిక్షణ హాస్టలులో వుంచడానికి వున్న రెండు గేదెలలో ఒకదానిని అమ్మానని చెప్పాడు. మరొకాయన రోజుకూలీ. ఆయన కూతురు గ్రామ ప్రభుత్వ పాఠశాలలోనే చదువుతున్నది. అక్కడి ఉపాధ్యాయురాలు పాత ప్రశ్నపత్రాలు తెచ్చి, బడి వదిలాక నలుగురు పిల్లలను కూర్చోబెట్టుకుని చెప్పిందట. “ఆమె లేకపోతే మాకు ఈ పరీక్ష పేరే తెలియదు బాబూజీ” అన్నాడు. కౌలు రైతు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. ఈసారి రాకపోతే మళ్లీ ఎప్పుడు వ్రాయవచ్చు? ఆరవ తరగతి ప్రవేశానికి రెండవసారి వ్రాయడానికి నిబంధనలు ఒప్పుకోవని, తొమ్మిదవ తరగతిలో ఖాళీ అయిన కొద్ది సీట్లకు మాత్రం వేరొక పరీక్ష వుంటుందని నేను చెప్పవలసి వచ్చింది. ఆయన తల పంకించి గేటు వైపు చూస్తూ వుండిపోయాడు.

ఆ తండ్రిని తప్పుపట్టడం సులభం. కాని ఆయన లెక్కలో పొరపాటు లేదు. బొమ్మల ప్రశ్నలు చదువుతో నిమిత్తం లేనివే గాని సాధనతో నిమిత్తం లేనివి కావు. మడిచిన కాగితపు ప్రశ్నను పరీక్ష హాలులోనే తొలిసారి చూసిన బిడ్డ అది ఏమి అడుగుతున్నదో గ్రహించడానికే రెండు నిమిషాలు పడుతుంది. వున్న వ్యవధి ప్రశ్నకు సగటున ఒకటిన్నర నిమిషం. అటువంటివి వందల కొద్దీ చేసిన బిడ్డకు జవాబు చూపులోనే దొరుకుతుంది. వీరిద్దరి మధ్య వున్నది తెలివిలో తేడా కాదు, పరిచయంలో తేడా. ఆ పరిచయాన్ని అమ్మే దుకాణం వెలిసిన నాడే, సాయం లేని బిడ్డను వెతకడానికి పుట్టిన పరీక్ష సాయం వున్న బిడ్డను వెతికే పరీక్షగా మారడం మొదలైంది.

నిబంధనలలోని సంకల్పం కూడా కొన్ని చోట్ల ఎదురు తిరుగుతున్నది. గ్రామీణ కోటా కోరే విద్యార్థి మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదివి వుండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణపు బడిలో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. పట్టణవాసులు దొంగదారిన గ్రామీణ కోటాలో చొరబడకుండా పెట్టిన కట్టుదిట్టం ఇది. దాని అవసరాన్ని కాదనలేము. కాని పంటలు లేని కాలంలో పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశాలోని బలాంగీర్ నుంచి తల్లిదండ్రుల వెంట వలసపోయే బిడ్డ ఈ షరతును ఎట్లా నెరవేర్చగలదు? ఏడాది పొడుగునా ఒకే బడిలో వుండగలగడమే ఆ ఇంటికి అందని భాగ్యం. పట్టణ శివారులోని ప్రైవేటు బడి మాత్రం కాగితం మీద గ్రామీణ బడిగా చలామణీ కాగలదు. కట్టుదిట్టం ఎవరిని ఆపుతున్నదో, ఎవరిని వదులుతున్నదో ఒకసారి పరిశీలించవలసిన సమయం వచ్చింది.

చట్టం ఒక దారి, ఆచారం ఒక దారి

ఢిల్లీలో కూర్చుని చూసేవానికి ఈ వ్యవహారంలో మరొక వింత కనిపిస్తుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్, పాఠశాల ప్రవేశానికి బిడ్డను వడపోతకు గురిచేయడాన్ని నిషేధించింది. అదే చట్టం నవోదయ, సైనిక్ పాఠశాలలను, కేంద్రీయ విద్యాలయాలను ఒక ప్రత్యేక కోవగా పేర్కొన్నది. నవోదయ, సైనిక్ ప్రవేశ పరీక్షలు యథాపూర్వకంగా సాగుతున్నవి. 2024 జనవరిలో కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ శిక్షణ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీచేస్తూ, పదహారేళ్లు నిండని వారిని చేర్చుకోరాదని చెప్పింది. ఆ మాట పలికిన శాఖ ఆధ్వర్యంలోని సంస్థే తొమ్మిది, పదేళ్ల పిల్లలకు ఈ పరీక్ష నిర్వహిస్తున్నది. ఆ మార్గదర్శకాలు యాభై మందికి మించి శిక్షణ ఇచ్చే కేంద్రాలకే వర్తిస్తాయి. అమలు రాష్ట్రాల చేతిలో వున్నది. మండల కేంద్రంలో మేడ మీది గదిలో ముప్పై మందితో నడిచే శిక్షణకు ఆ కాగితం ఎన్నటికీ చేరదు. ఒక చేత్తో పోటీని సృష్టించి, మరొక చేత్తో పోటీకి సిద్ధపడవద్దని హితవు చెప్పడం ప్రభుత్వాలకు కొత్త కాదు గాని, పసిపిల్లల విషయంలో అది మరీ ఎబ్బెట్టుగా వున్నది.

అన్నిటికంటె గంభీరమైన విషయం వేరే వున్నది. గ్రామీణ ప్రాంతాలలో పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం, ప్రభుత్వ పాఠశాలలలో అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతం. నవోదయ పరీక్షలో భాషా విభాగం నాలుగు గద్యభాగాలను ముప్పై నిమిషాలలో చదివి అర్థం చేసుకోమంటుంది. అంటే ప్రభుత్వ బడి పిల్లలలో సగానికి పైగా ఈ పోటీలో ఓడిపోవడం లేదు, అసలు అందులో అడుగు పెట్టడం లేదు. వారి ప్రజ్ఞ బొమ్మల ప్రశ్నలలో కొంత బయటపడినా, భాషలో, అంకగణితంలో మునిగిపోతుంది. శిక్షణ కేంద్రం అమ్ముతున్నది అదనపు చదువు కాదు. చాలా సందర్భాలలో అది మూడవ, నాలుగవ తరగతులలో బడి చెప్పవలసి వుండి చెప్పని చదువునే డబ్బుకు చెబుతున్నది.

లంక నేర్పే గుణపాఠం

ఈ దారిలో మనకంటె నాలుగు దశాబ్దాలు ముందు నడిచిన పొరుగు దేశం ఒకటి వున్నది. శ్రీలంకలో ఉచిత విద్యా పితామహుడుగా పేరొందిన సి.డబ్ల్యు.డబ్ల్యు. కన్నంగర, 1940 దశకంలో విద్యామంత్రిగా వుండి, గ్రామీణ ప్రాంతాలలో మధ్య మహా విద్యాలయాలనే పేరుతో మంచి ఉన్నత పాఠశాలలు నెలకొల్పారు. పేదవారి పిల్లలను వాటిలోకి పంపడానికి అయిదవ తరగతిలో స్కాలర్‌షిప్ పరీక్ష వాడుకలోకి వచ్చింది. సర్వేలుకు, ఝజ్జర్‌కు ఇది అన్నగారి వరస అనవచ్చు.

ఎనభై ఏళ్ల తర్వాత ఆ పరీక్ష ఎట్లా వున్నది? ఏటా మూడు లక్షలకు పైగా పిల్లలు వ్రాస్తున్నారు. పేరుమోసిన పట్టణ పాఠశాలలలో చోటు సంపాదించే ద్వారంగా అది మారింది. ట్యూషన్లు ఎంత పెచ్చుపెరిగాయంటే, పరీక్షకు కొద్ది రోజుల ముందు నుంచి ట్యూషన్ తరగతులను, నమూనా ప్రశ్నపత్రాల పంపిణీని నిషేధిస్తూ ప్రభుత్వ పరీక్షల శాఖ ఉత్తర్వులు ఇవ్వవలసి వస్తున్నది. 2024 సెప్టెంబరులో జరిగిన పరీక్షలో మూడు ప్రశ్నలు ముందే పొక్కిపోగా, పదేళ్ల పిల్లల పరీక్ష వ్యవహారం ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కన్నంగర సదుద్దేశాన్ని ఎవరూ శంకించరు. కాని మంచి బడులు కొన్నిగానే మిగిలిపోయినంత కాలం, వాటి ద్వారం దగ్గర నిలిపిన పరీక్ష ఎంత న్యాయంగా రచించబడినా, కాలక్రమాన స్తోమత కలవారికే అనుకూలంగా వంగిపోతుందని లంక అనుభవం చెబుతున్నది.

పరీక్ష తర్వాత

ఎంపికైన బిడ్డ విషయంలోనూ సిద్ధపరచడమంటే ఏమిటో ఆలోచించవలసి వున్నది. తల్లిదండ్రులు ఏడాదిపాటు బొమ్మల ప్రశ్నలకు సిద్ధపరుస్తారు. పదకొండో ఏట ఇల్లు వదలి, తన దుస్తులు తాను ఉతుక్కుని, యాస తెలియని తోటివారితో ఒకే గదిలో పడుకోవడానికి ఎవరూ సిద్ధపరచరు. తొమ్మిదవ తరగతిలో కొందరు విద్యార్థులను హిందీ రాష్ట్రాల నుంచి హిందీయేతర రాష్ట్రాలకు, ఇక్కడివారిని అక్కడికి ఒక ఏడాది పంపే పద్ధతి వున్నది. జాతీయ సమైక్యత దృష్ట్యా అది మెచ్చదగినది. దాని బరువును మోసేది మాత్రం పధ్నాలుగేళ్ల బిడ్డ. 2013 నుంచి 2017 వరకు అయిదేళ్లలో నవోదయలలో 49 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో సగం మంది దళిత, ఆదివాసీ బిడ్డలని 2018 డిసెంబరులో ఒక జాతీయ దినపత్రిక వెల్లడించగా, జాతీయ మానవ హక్కుల సంఘం మంత్రిత్వ శాఖను సంజాయిషీ అడిగింది. లక్షలాది విద్యార్థులున్న సంస్థలో ఈ సంఖ్యను భయపెట్టడానికి వాడడం నా ఉద్దేశం కాదు. కాని సీటు రావడంతో బాధ్యత తీరిపోయిందనుకునే తల్లిదండ్రులకు, ఫలితాల శాతంతో తృప్తిపడే అధికారులకు ఇది తెలిసి వుండాలి.

పరీక్షకు పిల్లను పంపదలచిన పాఠకులకు చెప్పదగిన మాటలు కొన్ని వున్నవి. ఈ పరీక్షకు పునాది అయిదవ తరగతి పాఠ్యప్రణాళికే. రోజూ ఒక పేజీ కథనో, వార్తనో చదివించి, చదివినది తన మాటలలో చెప్పించుకుంటే భాషా విభాగానికి వేరే శిక్షణ అక్కర లేదు. భిన్నాలు, దశాంశాలు, వైశాల్యం ఇంటి లెక్కలతోనే సాధన చేయించవచ్చు. బొమ్మల ప్రశ్నలకు అద్దం ముక్క, పాత కాగితం, కత్తెర చాలు. బిడ్డ చేత్తో మడిచి, కత్తిరించి, విప్పి చూసినది మరచిపోదు. పాత ప్రశ్నపత్రాలు కొన్ని సమయం చూసుకుని చేయిస్తే పరిచయపు లోటు తీరుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, యాభై ఒక్కరిలో ఒకరికే చోటు వుంటుందన్న లెక్క బిడ్డకు ముందే చెప్పాలి. సీటు రానివారు తెలివి లేనివారు కారని, ఆ ఇంట్లో తన స్థానం ఆ రెండు గంటల మీద ఆధారపడి లేదని బిడ్డకు నమ్మకం కలగాలి.

మరచిన వాగ్దానం

ఇది తల్లిదండ్రుల జాగ్రత్తతో తీరే సమస్య కాదు. నవోదయ విద్యాలయాల లక్ష్యాలలో ఒకటి ఈనాడు ఎవరి నోటా వినిపించడం లేదు. ప్రతి జిల్లాలోనూ తమ అనుభవాన్ని, సదుపాయాలను ఇతర బడులతో పంచుకుంటూ, పాఠశాల విద్య అంతటినీ మెరుగుపరచడానికి అవి కేంద్రబిందువులుగా పనిచేయాలన్నదే ఆ లక్ష్యం. వాటిని గతి నిర్దేశించే పాఠశాలలని 1986లో పిలిచినది అందుకే. ముందు నడిచేవాడు వెనుకవారిని వెంట తీసుకుపోతేనే గతి నిర్దేశించినట్లు. ఒంటరిగా ముందుకు సాగిపోతే అతడు ముందున్నవాడు మాత్రమే.

అంటే నవోదయ రెండు వాగ్దానాలు చేసింది. ఒకటి ఎంపికైన ఒక్కరికి, రెండవది తక్కిన యాభై మందికి. మొదటి వాగ్దానం చాలా వరకు నెరవేరింది. రెండవది కాగితాల అడుగున వుండిపోయింది. శిక్షణ దుకాణాలు వెలసినది సరిగ్గా ఆ ఖాళీలోనే.

ఆ ఖాళీని పూరించడానికి కొత్త విధానం అవసరం లేదు, వున్నదానిని అమలు జరిపితే చాలు. పది రకాల బొమ్మల ప్రశ్నలను ప్రతి ప్రాథమిక పాఠశాలలో మూడవ తరగతి నుంచి ఆటగా నేర్పితే, పరిచయాన్ని అమ్ముకునేవారికి సరుకు వుండదు. నవోదయ ఉపాధ్యాయులు నెలకొకనాడు చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులతో కూర్చుని అంకగణితం, పఠనం ఎట్లా చెబుతున్నారో పంచుకోవచ్చు. వారి ప్రయోగశాల, గ్రంథాలయం సెలవు దినాలలో గ్రామీణ పిల్లలకు తెరవవచ్చు. వలస కూలీల పిల్లలకు మూడేళ్ల షరతును సడలించవచ్చు. హర్యానా కూలీ కూతురికి ఒక ఉపాధ్యాయురాలు బడి వదిలాక స్వచ్ఛందంగా చేసిన పనిని, ప్రభుత్వం తన విధిగా చేయాలని మాత్రమే నేను అంటున్నాను.

2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 28 కొత్త నవోదయలను మంజూరు చేసింది. వాటిలో ఏడు తెలంగాణకు దక్కినవి: జగిత్యాల, నిజామాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్–మల్కాజిగిరి, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు నిజాంసాగర్ విద్యాలయం కామారెడ్డి జిల్లాలోకి పోగా, నిజామాబాద్‌కు సొంత నవోదయ లేకుండా పోయింది. ఆ కొరత తీరడం సంతోషకరం. మన పార్లమెంటు సభ్యులు తమ నియోజకవర్గానికి నవోదయ కావాలని పట్టుపట్టడం నేను ఎన్నోసార్లు విన్నాను. అది న్యాయమైన కోరికే. ఒక్కొక్క విద్యాలయం పూర్తిగా నిండితే 560 మంది చదువుకుంటారు. 28 కలిసి 15,680 మంది.

కాని మా జిల్లాలోని నవోదయ వల్ల చుట్టూ వున్న ఎన్ని ప్రాథమిక పాఠశాలలు బాగుపడ్డాయని అడిగిన సభ్యుని గొంతు నాకు బహు అరుదుగా వినిపించింది. ఏ మంత్రి అయినా ఆ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలిగిన నాడు, అయిదవ తరగతి బిడ్డకు ఈ పరీక్ష ఒక అవకాశంగా మాత్రమే మిగులుతుంది. అంతవరకు అది గెలిచిన ఒక్కరి పేరు ప్రకటించి, యాభై మందిని వారి పాత బడికే తిప్పి పంపే ఏర్పాటుగా వుంటుంది. ఆ పాత బడి బాగోగులకు కూడా ఇదే ప్రభుత్వం బాధ్యురాలన్న సంగతిని ఓటరు మరచిపోనంత కాలమే, పాలకులకు అది గుర్తుంటుంది.